కారుకూ ఓ పొయ్యి ఉంది!

కుక్కరు విజిల్ వేయకపోతే గాస్కెట్ సాగిపోయిందో, వెయిట్‌లో మెతుకు అడ్డుపడిందో మనం నిమిషంలో చెప్పేస్తాం. గ్యాస్ పొయ్యి మంట పసుపు రంగుకు తిరిగితే బర్నర్ తీసి శుభ్రం చేసేస్తాం. మిక్సీ మాడువాసన వేస్తే జార్లో పప్పు ఎక్కువైందని ఇట్టే తెలుస్తుంది. ఇన్ని తెలిసిన మనం కారు బానెట్ ఎత్తగానే మాత్రం రెండడుగులు వెనక్కి వేసి, "ఏమోనండీ, అది మగవాళ్ల వ్యవహారం" అనేస్తాం. మెకానిక్ ఏం చెబితే దానికి తలూపి, ఎంత అడిగితే అంతా లెక్కపెట్టి చేతిలో పెడతాం.

ఈ వారం నేను మీతో చెప్పబోయేది ఆ బానెట్ కింద ఉండే కార్బురేటర్ గురించి. "వంటల పేజీల మధ్య ఇదేం గోలమ్మా!" అని తిప్పేయకండి. పాత మారుతీయో, అంబాసిడరో, ఫియట్టో మీ ఇంట్లో కాకపోతే మీ పుట్టింట్లో అయినా ఉండే ఉంటుంది. పైగా కార్బురేటర్ అంటే కారుకు పొయ్యి లాంటిది. పొయ్యి సంగతి మనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది చెప్పండి?

ముందు మా కారు సంగతి చెప్పాలి. మాది ప్రీమియర్ పద్మిని. ఫియట్ అంటేనే ఎక్కువమందికి తెలుస్తుంది. మా మామగారు మద్రాసులో సినిమా కంపెనీలో ప్రొడక్షన్ మేనేజరుగా చేసే రోజుల్లో, 1984లో కొన్నారు. అప్పట్లో తెలుగు సినిమా అంటే సగానికి సగం కోడంబాకం, వడపళనిలే కదా! అక్కినేని నాగేశ్వరరావుగారు 1970లలో ఇక్కడ అన్నపూర్ణ స్టూడియో కట్టారు. తర్వాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు వచ్చాయి. ఒక్కొక్క కుటుంబమే సామాను సర్దుకుని హైదరాబాదు చేరింది. ఆ వరసలోనే 1990లో మావాళ్లూ వచ్చేశారు. సామానంతా లారీలో, మనుషులు ఈ కారులో! ఫిల్మ్‌నగర్‌లో అప్పుడు ఇళ్లకంటే బండరాళ్లే ఎక్కువ కనిపించేవట.

ఈ కారుకు ఆ పేరు చిత్తోడ్ రాణి పద్మిని వల్ల వచ్చిందంటారు. మా అత్తగారు మాత్రం ఒప్పుకోరు. "కాదు, డాన్సులు చేసే పద్మినిగారి పేరే" అంటారు. సినిమా వాళ్లింటి కారు కదా, పోనీలెండి!

మామగారు పోయి పన్నెండేళ్లయింది. మావారికి చూపు మందగించి డాక్టరు డ్రైవింగ్ మానెయ్యమన్నారు. ఇప్పుడు స్టీరింగ్ నా చేతిలోనే ఉంది. ఊరికే మమకారంతో అట్టేపెట్టుకున్న బండి కూడా కాదిది. పాతకాలం కథలు తీసేవాళ్లు షూటింగులకు అద్దెకు తీసుకుంటూ ఉంటారు. 2018లో వచ్చిన 'మహానటి' లాంటి సినిమాల్లో పాత కార్లు కనబడినప్పుడు మనం ముచ్చటపడతామే, అలాంటి పని అన్నమాట. ఆ అద్దె డబ్బు మా అత్తగారి మందులకు సరిపోతుంది. అయితే ఒక్కటే షరతు. డైరెక్టరుగారు "యాక్షన్" అనగానే బండి కదలాలి. కదలకపోతే వందమంది ఎండలో నిలబడి మన కారు వంకే చూస్తారు. మళ్లీ పిలుస్తారా?

అలాంటి బండి కిందటేడాది ఇబ్బంది పెట్టడం మొదలెట్టింది. పొద్దున్నే స్టార్ట్ అవ్వదు. అయితే నల్లటి పొగ. సిగ్నల్ దగ్గర ఆగితే గుడగుడలాడి ఆగిపోతుంది. ఒకరోజు అత్తగారిని ఎక్కించుకుని దైవసన్నిధానం గుడికి వెళ్తుంటే సరిగ్గా ఎత్తు మీద ఆగింది. వెనక కార్ల వాళ్లు ఒకటే హారన్లు. అత్తగారు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "అమ్మాయ్, పెట్రోలు బంకులో కూర్చున్నట్టుందే!" అన్నారు. ముందు ఆవిణ్ణి దింపి, ఇంజను ఆపేసి బానెట్ ఎత్తాను. కార్బురేటర్ ఒళ్లంతా పెట్రోలుతో తడిసి మెరుస్తోంది. వేడి ఇంజను మీద పెట్రోలు కారడమంటే ఆటలు కాదు, నిప్పంటుకుంటుంది. అలా కనిపిస్తే మళ్లీ మళ్లీ తాళం తిప్పకండి. అందరూ దిగి దూరంగా నిలబడి, మెకానిక్కు కబురు చెయ్యండి.

ఇక సలహాల వాన మొదలైంది. పుణేలో ఉన్న మా అబ్బాయి ఫోనులో, "అమ్మా, తుక్కుకి ఇచ్చేయ్, చిన్న కారు కొనిస్తాను" అన్నాడు. దగ్గర్లో ఉన్న ఓ షెడ్డు అతను, "మారుతి కార్బురేటర్ పెట్టేస్తానమ్మా, మైలేజీ మస్తుగ వస్తది" అన్నాడు. ఫిల్మ్‌నగర్‌లో తెలిసినాయన ఒకరు ఫోను చేసి, "పెద్దది పెట్టించండమ్మా, బండి బాణంలా దూసుకుపోతుంది" అన్నారు. మావారు అందరి మాటలూ విని, "నువ్వే చూడవోయ్" అనేసి పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. సరే, చూద్దామనుకున్నాను.

ఇంతకీ కార్బురేటర్ చేసే పని ఏమిటి? పెట్రోలునూ గాలినీ కొలతగా కలపడం. అంతే! బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకు దాదాపు పదిహేను పాళ్లు గాలి కావాలి. పెట్రోలు ఎక్కువైతే నల్లపొగ, గాలి ఎక్కువైతే ఇంజను వేడి. ఇడ్లీ పిండిలో నీళ్లు ఎక్కువైతే ఒక తంటా, తక్కువైతే ఒక తంటా కదా, అలాగే.

దాని లోపల ఒక చిన్న గది ఉంటుంది. పెట్రోలు పంపు దాన్ని నింపుతూ ఉంటుంది. మేడమీద నీళ్ల ట్యాంకులో బంతి తేలి, నిండగానే నీళ్లు ఆపుతుందే, ఇక్కడా అంతే. ఆ తేలేదాన్ని ఫ్లోట్ అంటారు. అది పైకి లేచి సూది మొనలాంటి వాల్వును మూస్తుంది. ఆ మొన అరిగిపోతే ట్యాంకు పొంగినట్టు పెట్రోలు పొంగుతుంది. మా బండికి ఎత్తు మీద పట్టిన జబ్బు ఇదే.

గది పక్కన నడుం దగ్గర సన్నబడ్డ గొట్టం ఉంటుంది. మన చిన్నప్పుడు దోమల మందు కొట్టే చేతి పంపు గుర్తుందా? గాలి విసురుగా పోతుంటే కింద డబ్బాలోని మందు పైకి లేచి తుంపరయ్యేది. ఇక్కడా ఇరుకులో గాలి విసురుగా పోతూ పెట్రోలును లాక్కుపోతుంది. ఎంత లాక్కోవాలో నిర్ణయించేది జెట్ అనే ఇత్తడి ముక్క. దానికి సన్నని రంధ్రం ఉంటుంది. అదే మన కొలత చెంచా. చలిలో ఇంజను లేవాలంటే చిక్కటి మిశ్రమం కావాలి. అందుకు గాలిని కాసేపు అడ్డుకునే రేకే చోక్. ఇంతే కథ!

ఇది మగవాళ్ల వ్యవహారమని ఎవరన్నారో గానీ, కారు వేసుకుని మొట్టమొదట దూరప్రయాణం చేసింది ఓ ఇల్లాలే. జర్మనీలో కారు తయారుచేసిన కార్ల్ బెంజ్‌గారి భార్య బెర్తా బెంజ్, 1888 ఆగస్టులో భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని పుట్టింటికి బయలుదేరింది. మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు, నూరు కిలోమీటర్లకు పైమాటే. దారిలో బంకులెక్కడివి? మందుల షాపులో బట్టల మరకలు పోగొట్టే ద్రావకం కొని అదే పోసింది. ఇంధనం గొట్టానికి నలుసు అడ్డుపడితే టోపీకి పెట్టుకున్న పిన్నుతో గుచ్చి తీసిందట. చూశారా మరి! అయితే ఒక్క మాట. మీరు మాత్రం జెట్ రంధ్రంలో పిన్నీసు గుచ్చకండి. అది మెత్తటి ఇత్తడి. వెంట్రుకవాసి పెద్దదైనా కొలత చెడిపోతుంది. గాలి కొట్టి శుభ్రం చేయించాలి, అంతే.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. కార్బురేటర్ మార్చమనగానే మార్చెయ్యకండి. కూర మాడితే తప్పు పొయ్యిదేనా? గిన్నెది కావచ్చు, నూనెది కావచ్చు. అలాగే బండి మొరాయిస్తే స్పార్క్ ప్లగ్గులు, పాయింట్లు, టైమింగ్, ఎయిర్ ఫిల్టరు, పెట్రోలు పంపు, ట్యాంకులో తుప్పు, అన్నీ ముందు చూడమనండి. ప్లగ్గు విప్పి మీకు చూపించమనండి. మంట పసుపైతే గిన్నె అడుగు నల్లబడదూ? అదే లెక్క. ప్లగ్గు మొన మసిగా ఉంటే పెట్రోలు ఎక్కువ. తెల్లగా పాలిపోతే గాలి ఎక్కువ. లేత కాఫీరంగులో ఉంటే కొలత సరిగ్గా ఉన్నట్టు. మా బండివి నాలుగూ నల్లగా ఉన్నాయి.

అన్నీ చూశాక తప్పు కార్బురేటర్‌దేనని తేలితే మన ముందు మూడు దారులుంటాయి.

మొదటిది ఉన్నదాన్నే బాగుచేయించడం. గాస్కెట్లు, సూది వాల్వు, పంపు రబ్బరు పొర, అన్నీ కలిపి ఒక కిట్‌గా దొరుకుతాయి. ఖర్చు వందల్లో పోతుంది. పదింట చాలాసార్లు దీంతోనే పని జరుగుతుంది. కుక్కరుకు గాస్కెట్ మారిస్తే సరిపోయేదానికి కొత్త కుక్కరు కొంటామా?

కానీ దీనికీ హద్దుంది. యాక్సిలరేటర్ నొక్కితే తిరిగే సన్నటి కడ్డీ ఉంటుంది, స్పిండిల్ అంటారు. దాన్ని వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ కదపండి. గలగలా ఊగితే రంధ్రం అరిగిపోయినట్టే. ఆ సందులోంచి దొంగగాలి లోపలికి పోతుంది. ఇక ఎన్ని కిట్లు వేసినా ఇంజను నిలకడగా ఆడదు. అలాగే అడుగున ఇంజనుకు బిగించే పలక మీద పిల్లల స్కేలు నిలువుగా పెట్టి, వెలుతురుకు ఎత్తి చూడండి. కింద సందు కనిపిస్తే పలక వంగిందన్నమాట. ఈ లోహం మెత్తనిది. బలంకొద్దీ బోల్టులు బిగిస్తే వంగిపోతుంది. మాదాంట్లో కడ్డీ ఊగింది, పలకా వంగింది. నలభై ఏళ్ల చాకిరీ, పాపం!

రెండో దారి వేరే బండి కార్బురేటర్ పెట్టించడం. మన షెడ్లలో అందరూ చెప్పేది ఇదే. ఇక్కడే లెక్క వేసుకోవాలి. మారుతి 800 ఇంజను 796 సీసీ, మూడు సిలిండర్లు. మా పద్మినిది 1089 సీసీ, నాలుగు సిలిండర్లు. అంబాసిడర్ పాత పెట్రోలు ఇంజను 1489 సీసీ. నలుగురికి వండే గరిటెడు పోపుతో ఆరుగురి పప్పు రుచి పుడుతుందా? చిన్న ఇంజనుకు కొలిచిన జెట్లు పెద్ద ఇంజనుకు పెడితే పెట్రోలు చాలదు. మొదట్లో మైలేజీ పెరిగినట్టే ఉంటుంది. తర్వాత ఇంజను వేడెక్కి వాల్వులు కాలిపోయే ప్రమాదం ఉంది. జెట్లు మార్చి, మధ్యలో సరైన పలక చేయించి బిగించగల నేర్పరి దొరికితే అది వేరే సంగతి. "పట్టేస్తదమ్మా" అన్న మాట మీద మాత్రం ఒప్పుకోకండి. పట్టడం వేరు, కుదరడం వేరు.

పెద్దది పెట్టించమన్న పెద్దమనిషి మాటా అంతే. గొట్టం వెడల్పైతే గాలి విసురు తగ్గుతుంది. విసురు లేకపోతే పెట్రోలు తుంపర కాదు, బొట్లు బొట్లుగా పడుతుంది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర అడుగు అడుగుకూ ఆగే మన బండికి బాణం వేగం ఎందుకండీ?

మూడో దారి అదే మోడల్ కార్బురేటర్ మరొకటి సంపాదించడం. మా బండికి వచ్చింది సొలెక్స్ రకం. మద్రాసులోని కార్బురేటర్స్ లిమిటెడ్ వారు తయారుచేసింది. అంటే కారు కొన్నదీ, దాని గుండెకాయ పుట్టిందీ ఒకే ఊళ్లో! ఇప్పుడు పద్మిని కార్ల తయారీ ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటింది. ముంబై వీధుల్లో తిరిగిన ఆఖరి పద్మిని టాక్సీ కూడా 2023 అక్టోబరులో గడువు తీరి ఆగిపోయింది. మారుతి 800కు 2000 ప్రాంతంలోనే కంప్యూటరు ఆడించే ఇంజెక్షన్ పద్ధతి వచ్చేసింది. కాబట్టి షోరూముల్లో దొరకదు. రాణీగంజ్, పుత్లీబౌలి లాంటి స్పేర్ పార్టుల బజార్లలో వెతుక్కోవాలి.

నాకు దారి చూపింది కృష్ణానగర్ సందులో పనిచేసే ఓ పెద్దాయన. అందరూ ఉస్తాద్ అంటారు. నా పాత కార్బురేటర్ విప్పి, తుడిచి, బల్లమీద పెట్టి, "అమ్మా, కొత్తది కొనేముందు దీన్నే చదువుకోండి" అన్నాడు. నిజమే, అన్నీ దాని ఒంటి మీదే రాసున్నాయి. రకం పేరు ముందున్న అంకె గొట్టం వెడల్పు, మిల్లీమీటర్లలో. మాదాని మీద 32 అని ఉంది. జెట్ మీద 120 అని ఉందనుకోండి, రంధ్రం 1.20 మిల్లీమీటర్లు అని అర్థం. చీరకొలత, జాకెట్టుకొలత రాసుకున్నట్టు అన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లాను.

షాపులో నేను చూసినవి మీకూ పనికొస్తాయి. పాతదాన్ని సంచీలో వేసుకుని వెళ్లండి, పక్కపక్కన పెట్టి చూడండి. బోల్టు రంధ్రాల మధ్య దూరం ఒకటేనా? యాక్సిలరేటర్ కడ్డీ, చోక్ తీగ అదే వైపు తగులుతున్నాయా? పెట్రోలు గొట్టం అంతే లావుందా? మెరుగు చూసి మోసపోకండి. పాతదానికి పాలిష్ పట్టించి "కంపెనీ పీసు" అనేవాళ్లూ ఉంటారు. స్క్రూల తలలు నలిగి ఉంటే అది ఇదివరకు విప్పిందే. కడ్డీ కదిపి చూడండి, స్కేలు పెట్టి చూడండి. "కుదరకపోతే తిరిగి తీసుకుంటారా?" అని ముందే అడిగి బిల్లు మీద రాయించుకోండి. నేను స్కేలు తీయగానే కౌంటరు వెనకాయన మొహం చూడాలి! "మేడమ్, మీరు మెకానిక్కా?" అన్నాడు. "కాదండీ, వంటమనిషిని" అన్నాను.

మూడు షాపులు తిరిగాక, వాడకుండా పెట్టెలో ఉండిపోయిన పాత స్టాకు ఒకటి దొరికింది. ఖర్చు వేలల్లోనే అయింది. కానీ మా అబ్బాయి కొనిస్తానన్న కారుతో పోలిస్తే ఎంత? పెట్టెలో ఏళ్లతరబడి ఉన్నదానికి రబ్బరు, గాస్కెట్లు ఎండిపోతాయి కనక కొత్త కిట్ కూడా వేయించాం. బోల్టులు ఒకేసారి బలంగా కాకుండా ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించమన్నాను. అప్పడాల పీట మీద పిండి నొక్కినట్టు, అన్నివైపులా సమానంగా అన్నమాట.

బిగించాక పని అయిపోలేదండోయ్! ఇంజను బాగా వేడెక్కాకే గాలి స్క్రూ, వేగం స్క్రూ తిప్పి సరిచేయాలి. తర్వాత పొల్యూషన్ పరీక్షకు వెళ్లి చీటీ మాత్రమే తెచ్చుకోకుండా అంకె అడగండి. ఇంత పాత పెట్రోలు కార్లకు పొగలో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం మించకూడదు. మించితే పెట్రోలు ఎక్కువ పోతోందని అర్థం. మన పర్సుకూ మంచిది, పక్కవాళ్ల ఊపిరికీ మంచిది.

ఇంకో సంగతి ఈ మధ్య ముఖ్యమైంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. అది తేమను పీల్చుకుంటుంది, పాతకాలం రబ్బరును పాడుచేస్తుంది. అందుకని గొట్టాలు, పొరలు ఇథనాల్‌ను తట్టుకునేవి అడిగి వేయించుకోండి. బండిని నెలలతరబడి కదలకుండా ఉంచకండి. వారానికోసారి తిప్పితే కార్బురేటర్ గదిలో పాత పెట్రోలు జిగురు కట్టదు. కారులో చిన్న అగ్నిమాపక సిలిండర్ ఒకటి పెట్టుకోండి. తాళం తిప్పేముందు ఒక్కసారి వాసన చూడండి. గ్యాస్ వెలిగించేముందు చూడమూ?

మా పద్మిని ఇప్పుడు పొద్దున్నే రెండోసారికే లేస్తోంది. పెద్దమ్మగుడి దగ్గర వాహనపూజ చేయించి నిమ్మకాయలు తొక్కించాం. మొన్న ఒక షూటింగులో ఏడు టేకులు తీశారు. ఏడుసార్లూ కదిలింది. హీరోయిన్‌కు డైలాగు మర్చిపోవడం వల్ల అన్ని టేకులు, మా బండి వల్ల కాదు సుమండీ! మా అబ్బాయి ఇప్పటికీ "తుక్కు" అంటూనే ఉంటాడు. పండక్కి వచ్చినప్పుడు మాత్రం తాళం ముందు వాడే తీసుకుంటాడు.

అన్ని పాత కార్లనూ అట్టేపెట్టుకోమని నేను చెప్పడం లేదు. ఒళ్లంతా తుప్పు తిన్నదాన్ని, ఇంజను లోపల అరిగినదాన్ని వదిలేయడమే మంచిది. చెప్పేదల్లా ఒక్కటే. కొత్తది, పెద్దది, చవకది అని కాదు, కొలతకు సరిపోయేది ఎంచుకోవాలి. కొలత మనకు కొత్తేమీ కాదు కదా!

చివరగా చిన్న చిట్కా. కారు డాష్‌బోర్డులో ఓ చిన్న నోటుపుస్తకం పెట్టండి. పెట్రోలు పోయించిన తేదీ, లీటర్లు, మీటరు అంకె, వేసిన జెట్ నంబరు, మార్చిన సామాను, అన్నీ రాయండి. మైలేజీ నాలుగుసార్లు వరసగా తగ్గితే కార్బురేటర్ మిమ్మల్ని పిలుస్తున్నట్టే. పాల లెక్క, చాకలి పద్దు రాసే చేతికి ఇదెంత పనండీ?